జానెడు ఎత్తున కాండభంగం

మట్టి లేకుండా మొక్కలు పెంచే ప్రభుత్వ కేంద్రంలో ఉద్యోగానికి చేరిన రోజున మట్టా వరహాలు మొట్టమొదట పోగొట్టుకున్నది తన ఇంటిపేరు.

"ఈ ఆవరణలో మట్టి అనే పదార్థం గానీ, పదం గానీ ఉండరాదని డైరెక్టరు గారి ఉత్తర్వు," అన్నాడు సూపరింటెండెంటు హయగ్రీవం, గుర్తింపు కార్డు రాస్తూ. "అందుచేత నిన్ను ఎమ్. వరహాలు అని రాస్తున్నాను. అభ్యంతరం ఉందా?"

"నాకేటుంటాదండి," అంది వరహాలు. "కాకపోతే అది మా మావగారి పేరండి. ఆయన ఏవంటాడో మరి."

మామగారికీ అభ్యంతరం లేకపోయింది. కోడలికి నీడపట్టున కూర్చునే ఉద్యోగం దొరికితే ఇంటిపేరు పోయినా ఫరవాలేదన్నాడు. వరహాలు ఇరవై ఏళ్ళపాటు కడియం నర్సరీల్లో అంటు కట్టింది. మామిడికీ సపోటాకీ గులాబీకీ ఎండలో గొంతుక్కూర్చుని కత్తితో చీరి, కొమ్మకు కొమ్మ అతికించి, టేపు చుట్టి బతికించిన మొక్కలకు లెక్క లేదు. ఇక్కడ ఎండ లేదు. ఫ్యాన్లు తిరుగుతుంటాయి. కూర్చోడానికి స్టూలు కూడా ఇచ్చారు. ఉద్యోగం మాత్రం ఏడాదికోసారి డైరెక్టరు గారు సంతకం పెడితేనే నిలబడుతుంది.

డైరెక్టరు చక్రపాణి గారికి మట్టి లేని సేద్యం మీద ఉన్నది ఇష్టం కాదు, భక్తి. గేటు దగ్గర అందరూ చెప్పులు కడుక్కుని లోపలికి రావాలి. కాంటీన్లో నీళ్ళ కుండ మట్టిదని తేలడంతో దాన్ని ప్రహరీ బయట పెట్టించారు. వేసవిలో సిబ్బంది అంతా గంటకోసారి గేటు దాటి వెళ్ళి, చల్లటి నీళ్ళు తాగి, మళ్ళీ చెప్పులు కడుక్కుని వచ్చేవారు.

లోపల మొక్కలు నిజంగానే ముచ్చటగా ఉండేవి. నడుమెత్తున తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు, వాటికి వరసగా చిల్లులు, ఒక్కో చిల్లులో చిన్న జాలీ బుట్ట, బుట్టలో టమాటా మొక్క. ఎరువులు కలిపిన నీళ్ళు గొట్టంలో సన్నగా పారుతుంటే వేళ్ళు అందులో వేలాడుతూ ఉండేవి. మొక్క పైకి పాకడానికి పైకప్పు కింద కట్టిన ఇనుప తీగ నుంచి పురికొసలు దించారు. వాటిలో పదిహేడో నంబరు మొక్క అన్నిటికన్నా ఏపుగా ఎదిగింది. నెలరోజుల్లో ప్రిన్సిపల్ సెక్రటరీ కాత్యాయని గారు కేంద్రాన్ని చూడ్డానికి వస్తారనీ, ఆ మొక్క మీది తొలిపండు స్వహస్తాలతో కోస్తారనీ నిర్ణయమైంది. ఆనాటి నుంచి పదిహేడో నంబరుకు ప్రత్యేకంగా ఒక ఫైలు ఏర్పడింది.

ఆ సోమవారం ఉదయం వరహాలు వచ్చేసరికి పదిహేడో నంబరు తల వాల్చేసి ఉంది.

ఆమె కంగారు పడలేదు. దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. గొట్టానికి జానెడు పైన కాండం వంగి, నిలువునా చీలింది. చీలిక కింది ఆకులు నిగనిగలాడుతున్నాయి, పై ఆకులు మాత్రమే వేలాడుతున్నాయి. వేలితో నొక్కింది, గట్టిగానే ఉంది. ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది, కుళ్ళు వాసన లేదు. జాలీ బుట్ట పైకెత్తి చూస్తే వేళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి. అంటే తెగులూ కాదు, పురుగూ కాదు. ఆమె తలెత్తి చూసింది. శనివారం సాయంత్రం 'మట్టి లేని రేపటి వైపు' అని రాసిన పెద్ద బ్యానరును డైరెక్టరు గారు దగ్గరుండి పురికొసల తీగకే కట్టించారు. ఫ్యాను గాలికి బ్యానరు తెరచాపలా ఉబ్బింది. తీగ పైకి లేచింది, కొస బిగిసింది, కాండం విరిగింది.

"సగం నార పట్టుకునే ఉందిలే తల్లీ," అంది వరహాలు మొక్కతో. సంచీలోంచి అంటు టేపు తీసింది.

"ఆగు!" అన్న కేక వినిపించింది. హయగ్రీవం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏం చేస్తున్నావు?"

"కట్టేస్తన్నానండి. ఐదు నిమిషాల పని."

"ప్రభుత్వ మొక్క విరిగితే విరిగిన క్షణం నుంచి అది మొక్క కాదు. సాక్ష్యం. సాక్ష్యానికి కట్టు కడతావా?"

"ఇరగ్గొట్టింది ఆ బ్యానరేనండి. కావాలంటే సూడండి, కొస ఇంకా బిగుసుకునే ఉంది."

హయగ్రీవం బ్యానరు వైపు చూశాడు. బ్యానరు మీద నిలువెత్తు మంత్రిగారు రెండు చేతులూ జోడించి చిరునవ్వు నవ్వుతున్నారు. అతను చటుక్కున చూపు తిప్పుకున్నాడు.

"వరహాలమ్మా," అన్నాడు గొంతు తగ్గించి, "గౌరవనీయులు నమస్కారం పెడుతూ మొక్కను విరిచారని ఏ నోటు ఫైల్లో రాయమంటావు చెప్పు."

గంటలో చక్రపాణి గారు వచ్చారు. మొక్కను రెండు గజాల దూరం నుంచి దర్శించారు. వెంటనే కాండభంగ కారణ నిర్ధారణ సంఘం ఏర్పాటైంది. దానికి చక్రపాణి గారే అధ్యక్షులు, హయగ్రీవం కార్యదర్శి. రాజధానిలో ఉండే మొక్కల తెగుళ్ళ నిపుణులు డాక్టర్ ప్రభంజన్ సాంకేతిక సభ్యులు. మొక్క చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు.

"ముందు కట్టు కట్టేసి, తర్వాత కారణం ఎతుక్కోవచ్చు కదండి," అంది వరహాలు.

చక్రపాణి గారు ఓపిగ్గా నవ్వారు. "చూడమ్మా. కారణం నిర్ధారణ కాకుండా చికిత్స చేశామనుకో. చికిత్స చేశామంటే గాయం ఉన్నదని అంగీకరించినట్టు. గాయం ఉన్నదని అంగీకరిస్తే మన పర్యవేక్షణలో లోపం జరిగినట్టు. అర్థమైందా?"

"గాయం ఉంది కదండి మరి?"

"అది సంఘం తేల్చాలి."

నీళ్ళైనా పారనివ్వాలా ఆపాలా అన్నదాని మీద కాసేపు చర్చ జరిగింది. నీళ్ళలో ఎరువులున్నాయి గనుక అది వైద్యం కిందికి వస్తుందని హయగ్రీవం అనుమానం. నిన్న కూడా నీళ్ళు పారాయి గనుక అది యథాతథ స్థితి కిందికి వస్తుందని చక్రపాణి గారు తీర్పు చెప్పారు. వరహాలు దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

మధ్యాహ్నం రెండింటికి డాక్టర్ ప్రభంజన్ ఫోన్లో వీడియో ద్వారా రోగ నిర్ధారణకు ఉపక్రమించారు. హయగ్రీవం రిబ్బను ఇవతల నుంచి చెయ్యి చాపి, ఫోను మొక్క దగ్గర పెట్టాడు. సిగ్నలు వస్తూ పోతూ ఉంది.

"ఆఁ, కనిపిస్తోంది, కదపకండి," అన్నారు ప్రభంజన్. "కాండం బాగా ఉబ్బింది. రంగు చామనఛాయ. పత్రహరితం పూర్తిగా నశించింది. అడ్డంగా ముడతలున్నాయి. కొసన నఖాకారంలో శ్వేతవర్ణ నిర్మాణం కనిపిస్తోంది. ఇలాంటిది నా సర్వీసులో ఇదే మొదటిసారి."

వరహాలు ఫోను వైపు చూసింది. హయగ్రీవం బొటనవేలు సరిగ్గా కెమెరా మీద ఉంది.

"అయ్యగారూ, ఆయనగారు సూస్తంది మీ బొటనేలండి," అంది మెల్లగా.

"నిపుణుల మాటకు అడ్డు రాకు," అన్నాడు హయగ్రీవం, ఎడం చేత్తో నోట్సు రాసుకుంటూ.

"ఇది ముదిరిన దశ," అన్నారు ప్రభంజన్. "పదిహేను రోజుల్లో సంపూర్ణ మరణం అనివార్యం. దీని కారణం మీద సవివరమైన నివేదిక పంపుతాను."

నిపుణుల మాట విని చక్రపాణి గారు నిట్టూర్చి, సంఘాన్ని టీకి పిలిచారు. సమోసాలు తెప్పించారు. ఇద్దరు సభ్యులూ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

వరహాలు మొక్క వంక చూసింది. పై ఆకులు పొద్దున్నకన్నా మరింత వేలాడుతున్నాయి. సాయంత్రం దాకా ఆగితే అతుక్కోడానికి సగం నార కూడా మిగలదు. ఉద్యోగం గుర్తొచ్చింది, స్టూలు గుర్తొచ్చింది, ఫ్యాను గాలి గుర్తొచ్చింది. "సమోసా తినడానికి ఎంతసేపు పడతాదిలే," అనుకుని రిబ్బను కిందనుంచి దూరింది.

ముందుగా పురికొస వదులు చేసింది. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి, చీలిన రెండు పక్కలనూ పెదాలు మూసినట్టు ఒకదానికొకటి ఆనించింది. కాంటీన్లో టీ కలిపే చెక్కపుల్లలు రెండు అటూ ఇటూ పెట్టి, సన్నటి అంటు టేపును కింద నుంచి పైకి, మరీ బిగించకుండా చుట్టింది. పైన బరువుగా వేలాడే రెండు పిందెల గుత్తులు కోసేసింది, ఒక్క గుత్తి మాత్రం ఉంచింది. తడిపిన పాత చీర ముక్కను పైన తీగకు అడ్డంగా వేసి నీడ చేసింది. చివరికి పక్కనున్న పెద్ద ఆకును కట్టు మీదికి లాగి, ఏమీ ఎరగనట్టు వచ్చి స్టూలు మీద కూర్చుంది. అప్పటికి సంఘం రెండో సమోసాలో ఉంది.

మూడో రోజుకు ఆకులు లేచి నిలబడ్డాయి. వారానికి కొత్త చిగురు వేసింది. పన్నెండో రోజున వరహాలు కట్టు విప్పి చూస్తే, విరిగినచోట వేలి కణుపంత గట్టి బుడిపె కట్టి, కాండం మునుపటికన్నా లావెక్కి ఉంది. మిగిలిన గుత్తిలో కాయలు రంగు తిరుగుతున్నాయి. అయినా ఎవరి దృష్టీ దాని మీద పడలేదు. సంఘం పనంతా ఫైల్లోనే జరుగుతోంది, ఫైల్లో మొక్క రోజురోజుకూ క్షీణిస్తోంది.

పద్నాలుగో రోజున నివేదిక వచ్చింది. నలభై పేజీలు. పురుగు కనిపించలేదు గనుక పురుగు కాదనీ, పారిపోయి ఉండవచ్చు గనుక పురుగే కావచ్చుననీ, ఏది ఏమైనా ప్రధాన కారణం అనధికార మానవ హస్త సంపర్కమనీ అందులో రాసి ఉంది. ఆ కేంద్రంలో మొక్కలను రోజూ చేత్తో ముట్టుకునే మనిషి ఒక్కతే. సాయంత్రానికల్లా వరహాలు చేతికి మెమో వచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే సేవలు రద్దు.

మళ్ళీ కడియం ఎండలోకి వెళ్ళడానికి ఆమెకు భయం లేదు. ఎండ ఆమెకు తెలుసు. మొక్కను చంపిందన్న పేరుతో వెళ్ళడమే మింగుడు పడలేదు. మెమో పట్టుకుని నేరుగా డైరెక్టరు గారి గదికి వెళ్ళింది.

"దీన్ని వ్యక్తిగతంగా తీసుకోకు వరహాలూ," అన్నారు చక్రపాణి గారు ఎంతో ఆప్యాయంగా. "నీమీద నాకు కోపం లేదు. నివేదిక అన్నాక కారణం ఉండాలి, కారణం అన్నాక ఎవరో ఒకరు ఉండాలి."

"మొక్క చచ్చిపోతే కదండి కారణం? అది సక్కగా ఉందండి. పళ్ళు కూడా పండుతున్నాయి. ఒక్కసారి వచ్చి సూడండి."

ఆయన వచ్చి చూశారు. హయగ్రీవమూ చూశాడు. పదిహేడో నంబరు పైకప్పు అందుకుని, ఎర్రటి పండొకటి వేలాడేసుకుని నిలబడి ఉంది.

"రేపటికి ఇది మరణించాలి సార్," అన్నాడు హయగ్రీవం నివేదిక తిరగేస్తూ. "నఖాకార శ్వేత నిర్మాణం కూడా ఎక్కడా లేదు."

చక్రపాణి గారి ముఖం పాలిపోయింది. "మొక్క నివేదికను ధిక్కరించింది," అన్నారు. "నివేదిక ప్రతి పైకి వెళ్ళిపోయింది కూడా. ఇప్పుడు వాళ్ళు ఫోటో అడిగితే?"

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టి ఉండదు. ఎందుకంటే మర్నాడు ఉదయమే ఒక నోటు తయారై వచ్చింది. సంఘం అధ్యయనానికి ఆధారమైన గాయం సంఘం అనుమతి లేకుండా మానిపోయినందున, శుక్రవారం ఉదయం పది గంటలకు యథాపూర్వ గాయస్థితిని పునరుద్ధరించవలెనని దాని సారాంశం. విరిచే బాధ్యత వరహాలుది. విరిస్తే మెమో విషయం సానుభూతితో పరిశీలిస్తారు.

"నేను ఇరవనండి," అంది వరహాలు.

"ఉత్తర్వమ్మా ఇది," అన్నాడు హయగ్రీవం.

"అవ్వనీండి. నాకు జీతమిచ్చేది బతికించడానికి. బలంగా ఉన్నదాన్ని పట్టుకుని పుటుక్కుమని ఇరవడానికి నా చేతులు రావండి. మీకు వస్తే మీరు ఇరుసుకోండి."

హయగ్రీవానికీ చేతులు రాలేదు. విరవడం తన హోదాకు మించిన పని అని రాతపూర్వకంగా తెలియజేశాడు. అందుచేత శుక్రవారం పదింటికి చక్రపాణి గారే రబ్బరు తొడుగులు తొడుక్కుని, రెండు చేతులతోనూ కాండాన్ని పట్టుకున్నారు. హయగ్రీవం ఫోటో తీయడానికి ఫోను ఎత్తాడు. ఈసారి బొటనవేలు జాగ్రత్తగా పక్కకు పెట్టాడు. కాండం ఓ పట్టాన వంగలేదు. బుడిపె కట్టినచోట మరీ మొండికేసింది. చక్రపాణి గారు పళ్ళు బిగించి, కాలు గొట్టం స్టాండుకు తన్నిపెట్టి వెనక్కి వాలారు.

"ఏం చేస్తున్నారు చక్రపాణి గారూ?"

గుమ్మంలో ప్రిన్సిపల్ సెక్రటరీ కాత్యాయని గారు నిలబడి ఉన్నారు. పై వారంలో రావలసిన మనిషి, ఎవరికీ చెప్పకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేశారు.

చక్రపాణి గారు కాండం వదల్లేదు. వదిలితే ఎందుకు పట్టుకున్నారని అడుగుతారు. ఆయన మెదడు ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఎన్నడూ పనిచెయ్యనంత వేగంగా పనిచేసింది.

"మేడమ్, ఇది... ఇది కాండ దృఢీకరణ పద్ధతి. మన కేంద్రం స్వయంగా రూపొందించింది. జానెడు ఎత్తున కాండాన్ని శాస్త్రీయంగా భంగపరిచి, తిరిగి సంధానించినచో మొక్క అధిక బలం పుంజుకుంటుంది."

కాత్యాయని గారు దగ్గరికి వచ్చి బుడిపెను వేళ్ళతో నొక్కి చూశారు. పక్కనున్న మొక్కల కాండాలు నొక్కి చూశారు. పండు కోసి, అక్కడే కొరికారు.

"ఎవరి ఆలోచన ఇది?" అని అడిగారు. ఆ గొంతులో ఉన్నది మెప్పో కోపమో ఎవరికీ అంతుపట్టలేదు.

చక్రపాణి గారు ఆ క్షణంలో చూపుడువేలితో వరహాలును చూపించారు. మెప్పు అయితే తర్వాత సరిచేసుకోవచ్చు, కోపమైతే సరిచెయ్యనవసరం లేదు.

"అద్భుతం!" అన్నారు కాత్యాయని గారు. "క్షేత్రస్థాయి సిబ్బంది నుంచి ఆవిష్కరణ! నేను పదేళ్ళుగా చెబుతున్నది ఇదే. అమ్మా, నాకొకసారి విరిచి చూపిస్తావా?"

"ఒక మొక్కకి ఒక్కసారేనండి," అంది వరహాలు గబగబా. "రెండోసారి ఇరిస్తే బలం దిగిపోద్దండి."

కాత్యాయని గారు ఆ మాట డైరీలో రాసుకున్నారు. చక్రపాణి గారు చేతులు వదిలారు. పదిహేడో నంబరు ఊపిరి పీల్చుకున్నట్టు ఒకసారి ఊగింది.

పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రంలోని ఇరవై ఆరు కేంద్రాల్లోనూ ప్రతి మొక్కకూ జానెడు ఎత్తున విధిగా కాండభంగం గావించి, ఎనిమిది అంగుళాల టేపుతో సంధానించవలెను. గాయం పథకంలో భాగమని తేలినందున నిర్ధారణ సంఘం రద్దయింది. మెమో వెనక్కి పోయింది. డాక్టర్ ప్రభంజన్ కొత్త పద్ధతి మీద మరో నలభై పేజీలు రాశారు. వరహాలును రాష్ట్ర ప్రధాన శిక్షకురాలిగా నియమించారు. ఆ పదవికి ఏటేటా సంతకం అక్కర్లేదు.

మొదటి శిక్షణకు అన్ని జిల్లాల నుంచీ ముప్పైమంది సహాయకులు వచ్చారు. చక్రపాణి గారు గంటసేపు ప్రారంభోపన్యాసం చేసి టీకి వెళ్ళారు. అధికారులంతా ఆయన వెంట వెళ్ళారు. వరహాలు వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"ఇప్పటికే ఎవరైనా ఇరిసేరా?" అని అడిగింది.

అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒకామె చెయ్యెత్తింది. "ఉత్తర్వు వచ్చిన దినమే నలభై ఇరిచినామక్కా. ముప్పై సచ్చిపోయినాయి. మా సారు నన్ను తిడతాడు, సరిగ్గా ఇరవలేదని." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వరహాలు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. అందరికీ విరిగిన కొమ్మకు కట్టు కట్టడం ఓపిగ్గా చూపించింది. కుళ్ళిందో విరిగిందో వాసన చూసి ఎలా చెప్పాలో, వేళ్ళు తెల్లగా ఉంటే ఎందుకు భయపడక్కర్లేదో, కొస ఎంత వదులుగా కట్టాలో, బరువు ఎప్పుడు దించాలో అన్నీ చెప్పింది. విరవడం దగ్గరికి వచ్చేసరికి ఉత్తర్వు ప్రతి తీసి వాళ్ళ చేతికిచ్చింది.

"తనిఖీకి వచ్చినోళ్ళు రిజిస్టర్లో ఏవేవి రాయాలో సదవండి."

"మొక్క నంబరు. టేపు పొడవు. టేపు ఎత్తు," అని చదివిందా అనంతపురం ఆమె. చదివి ఆగిపోయింది. "అంతేనక్కా."

"అంతే కదా. ఎనిమిదంగుళాలు కొలిసి చుట్టండి. అరంగుళం కూడా తక్కువ కాకుండా సూసుకోండి. మిగతాది మొక్కకి వదిలెయ్యండి."

ముప్పై మొహాలూ ఒక్కసారి వెలిగాయి.

ఏడాది తిరిగేసరికి ఇరవై ఆరు కేంద్రాల్లోనూ మొక్కలన్నీ జానెడు ఎత్తున తెల్లటి టేపు చుట్టుకుని గుత్తులు గుత్తులుగా కాశాయి. శిక్షణ తర్వాత కాండభంగం చేసిన మొక్కల్లో ఒక్కటి కూడా చనిపోలేదని, ఇది ప్రపంచంలో ఎక్కడా లేని ఫలితమని కాత్యాయని గారు ప్రశంసాపత్రం పంపారు. దాన్ని చక్రపాణి గారు పటం కట్టించుకున్నారు.

వార్షిక తనిఖీ నాడు హయగ్రీవం స్కేలు పట్టుకుని వరస వెంట నడిచాడు. ఒకచోట కొలవబోతే టేపు జారి కిందికి వచ్చింది. లోపల కాండం నున్నగా, పచ్చగా, పుట్టినప్పటి నుంచీ ఏ గాయమూ ఎరగనట్టు ఉంది. అతను పక్క మొక్క టేపు ఎత్తి చూశాడు. దాని పక్కదీ చూశాడు. తర్వాత తలెత్తి వరహాలు వంక చూశాడు.

వరహాలు అతని వంకే చూస్తూ స్టూలు మీద కూర్చుని ఉంది.

హయగ్రీవం టేపులు మూడూ జాగ్రత్తగా మళ్ళీ చుట్టాడు. పొడవు కొలిచాడు. సరిపోయింది. రిజిస్టరు తెరిచి, కాసేపు ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో రాశాడు:

'విరిచిన జాడ సైతం కనిపించనంత నైపుణ్యంతో విరవబడినవి.'